చార్టు చదివినవాడి పాఠాలు

ముప్పై నాలుగేళ్లు రైల్లో టీసీగా పనిచేశాను. వాల్తేరు, ఖరగ్‌పూర్, నాగ్‌పూర్, మళ్లీ వాల్తేరు. టికెట్లు చూసినదానికన్నా పేర్లు పిలిచిందే ఎక్కువ. పైగా నా సొంత పేరు 'జ్ఞాన'తో మొదలవుతుంది. ఆ ఒక్క అక్షరం ఊరు మారినప్పుడల్లా ఒక్కో వేషం కట్టింది. మనవలు అడిగితే రాస్తున్నాను. వరస తప్పితే ఏమీ అనుకోకండి. చార్టులోనైనా వరసలో ఉండేవి బెర్తు నంబర్లే, మనుషులు కాదు.

1. మన పలుకే అసలుదని జబ్బ చరుచుకోవద్దు.

విజయనగరం దగ్గర మా ఊళ్లో మాస్టారు నన్ను 'గ్నానం' అనేవారు, మా అమ్మ 'గేనం' అనేది. ఖరగ్‌పూర్ వెళ్తే 'గ్యాన్ బాబు'నయ్యాను. నాగ్‌పూర్లో డ్యూటీలో చేరిన రోజు, రిజిస్టర్లో నా పేరు చూసిన పెద్ద గుమస్తా కుర్చీలోంచి లేచి, "ద్న్యానేశ్వర్! మాఊలీ!" అంటూ రెండు చేతులూ జోడించాడు. వెక్కిరిస్తున్నాడనుకుని మొహం ముడుచుకున్నాను. తరవాత తెలిసింది, వాళ్ల సంత్ జ్ఞానేశ్వరుణ్ణి మరాఠీవాళ్లు ద్న్యానేశ్వర్ అంటారనీ, మాఊలీ అంటే తల్లి అనీ. ఆయన గీతకు మరాఠీలో వ్యాఖ్యానం చెప్పింది 1290లో. ఏడు వందల ఏళ్లుగా కోట్లమంది భక్తిగా పలుకుతున్న పేరుని, తప్పు పలుకుతున్నారని మనసులో దిద్దినవాణ్ణి నేను!

ఓ రాత్రి ఖాళీగా ఉండి కాగితం మీద ఆ అక్షరాన్ని విడదీశాను. జ కింద ఞ. మనం గ, న అంటాం. హిందీవాళ్లు గ, య అంటారు. మరాఠీవాళ్లు ద, న, య కలిపి లాగుతారు. తమిళులు జ సంగతే వదిలేసి ఒట్టి ఞ పలుకుతారు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు పలికినవాడు నా సర్వీసులో ఒక్కడూ తగల్లేదు, నాతో సహా. 'ప్రజ్ఞ' అనే ఆడపిల్ల చార్టులో ప్రగ్నగా, ప్రగ్యాగా, ప్రద్న్యాగా కనిపిస్తుంది. ముగ్గురూ ఒక్క పేరువాళ్లే.

2. పిలిస్తే పలకలేదంటే మనిషి రాలేదని కాదు.

ఇది నా తప్పు కాబట్టి పూర్తిగా చెప్పాలి. హౌరా వైపు వెళ్లే బండి. రాత్రి పదకొండు దాటింది. ఒక బెర్తు మీద ఎవరూ లేరు, చార్టులో 'విశ్వనాథ్' అని ఉంది. తలుపు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అటు తిరిగి "విశ్వనాథం! విశ్వనాథం గారూ!" అని మూడుసార్లు అరిచాను. చివర 'అం' నా ఇంటి నుంచి తెచ్చి తగిలించిందే. ఎవరూ కదల్లేదు. రాలేదని గీత పెట్టి, ఆర్‌ఏసీలో కూర్చున్న ముసలాయనకి ఆ బెర్తు ఇచ్చేశాను. ఆయన చెప్పులు తలగడ కింద పెట్టుకుని క్షణంలో నిద్రపోయాడు.

పావుగంట తరవాత తలుపు దగ్గరి మనిషొకడు సిగరెట్టు వాసనతో వచ్చి టికెట్టు చాపాడు. నీ పేరేమిటంటే "బిశ్శొనాథ్" అన్నాడు. మూడుసార్లు పిలిచానయ్యా అంటే, ఎవర్నో మద్రాసీని పిలుస్తున్నారనుకున్నానన్నాడు. నిద్రపోతున్న ముసలాయన్ని లేపడానికి చెయ్యి రాలేదు. నా సీటు బిశ్శొనాథ్‌కి ఇచ్చి, తెల్లారేదాకా మరుగుదొడ్డి పక్కన నా పెట్టె మీద కూర్చున్నాను. ఆ రాత్రి తరవాత పేరు పిలిచి ఊరుకోలేదు. బెర్తు నంబరు కూడా అరిచేవాణ్ణి. అంకెలు ఎవరి నోట్లో పడ్డా పెద్దగా చెడవు.

3. వంగభాష విని ఆశ్చర్యపోవడం మానెయ్యాలి.

అక్కడ 'వ' లేదు, అంతా 'బ'. వివేకానందుడు బిబేకానొందో, విక్రం బిక్రొం. మన పొట్టి 'అ' అక్కడ చాలాచోట్ల గుండ్రంగా 'ఒ' అవుతుంది. మా ఆవిడ లక్ష్మి. పక్కింటావిడ 'లొక్ఖీ బౌదీ' అని పిలిస్తే మొదట్లో ఇంట్లోకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది, "లొక్కి ఏంటండీ, లొట్టపిట్టలాగ!" అని. అక్కడ బుద్ధిమంతురాలైన పిల్లని మెచ్చుకోవాలంటే 'లొక్ఖీ మేయే' అంటారని తెలిశాక, పదేళ్ల తరవాత బదిలీ అయినప్పుడు మళ్లీ కళ్లనీళ్లు పెట్టుకుంది. మన పల్లెల్లో లచ్చిమి, తెలంగాణలో లచ్చవ్వ ఉండగా లొక్ఖీని ఆక్షేపించే హక్కు మనకెక్కడిది?

పేర్లు బళ్లెక్కి తిరుగుతాయి కూడా. సచిన్ దేవ్ బర్మన్‌ని బెంగాలీలు శొచిన్ కర్తా అంటారు, శచీదేవి భర్త ఇంద్రుడి పేరది. ఆ పాటలంటే ఇష్టపడ్డ ఒక మరాఠీ తండ్రి కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నాడు. బొంబాయి చేరేసరికి శ పోయి స వచ్చింది, ఒ పోయి అ వచ్చింది. స్టేడియాల్లో జనం అరిచింది ఆ రెండో రూపాన్నే. మనమూ తక్కువ తినలేదు. కలకత్తాలో 'బొషు' అనే ఇంటిపేరు ఇంగ్లీషులో బోస్ అయి, కోస్తాలో పిల్లలకి పెట్టే పేరైపోయింది.

4. ఇంగ్లీషు అక్షరాలు సాక్ష్యం చెప్పవు.

దక్షిణాదిన 'త'కి టీ తరవాత హెచ్ రాస్తాం, ఉత్తరాదిన ఒట్టి టీ. అందుకే మన లతలు ఢిల్లీ కౌంటర్లో 'లథా'లవుతారు. వాళ్ల సవిత మా కుర్ర టీసీ నోట్లో 'సవిటా' అయింది. ఆవిడ మొహం చూడాలి!

5. ఋకారం గురించి ఎవరితోనూ పందెం కాయవద్దు. మనకీ మరాఠీవాళ్లకీ అమ్రుత, హిందీవాళ్లకి అమ్రిత.

6. మనం అపభ్రంశం అనుకున్నది పాతదై ఉండొచ్చు.

గుంటూరు వైపు యోహానులూ యాకోబులూ చాలామంది ఎక్కేవారు. జాన్ అనే ఇంగ్లీషు పేరుని మనవాళ్లు అలా సాగదీశారని చాలాకాలం నా నమ్మకం. ఒకసారి అర్ధరాత్రి బండి ఆగిపోయిన చోట ఒక రిటైర్డు పాస్టరుగారు ఫ్లాస్కులోంచి టీ పోసి నా అజ్ఞానం వదిలించారు. మూలం హీబ్రూలో యోహానాన్. అది గ్రీకులో యోఆన్నేస్ అయింది. తెలుగు బైబిలు ఆ 'య'ని నిలబెట్టుకుంది. దాన్ని జ చేసుకున్నది మనం కాదు, ఇంగ్లీషువాళ్లు. జర్మనీలో ఇప్పటికీ యోహాన్. స్పెయిన్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, రష్యాలో ఇవాన్. అరబ్బుల యహ్యా కూడా ఆయనే. కేరళలో యోహన్నాన్ సరే, వర్గీస్ అంటే జార్జి అని విని టీ ఒలకబోసుకున్నాను. అప్పటినుంచి యోహాను అని పిలిచేటప్పుడు గొంతు కొంచెం పెద్దది చేసేవాణ్ణి.

7. లేని ధ్వని కోసం మనిషిని సతాయించవద్దు.

మా బావమరిది ప్రసాదు కువైట్‌లో డ్రైవరు. అరబ్బీలో 'ప' లేదు, కాబట్టి అతను 'బ్రసాద్'. పక్క గదిలోని వెంకట్ 'ఫెంకట్', ఎందుకంటే 'వ' కూడా లేదు. మొదటి సంవత్సరం యజమానికి పాఠం చెప్పబోయి, పాపం, అలిసిపోయాడట. వాళ్లలో వాళ్లకే కుదరదు. మిగతా చోట్ల జమాల్ అనే పేరుని ఈజిప్టువాళ్లు గమాల్ అంటారు. మన పుస్తకాల్లో గమాల్ అబ్దుల్ నాసర్ అని ఉన్నది అందుకే. సెలవుకొచ్చినప్పుడు బావమరిదిని సరదాకి 'బ్రసాదూ' అని పిలిస్తే "ఓయ్" అని అలవాటుగా పలికాడు, తరవాత సిగ్గుపడ్డాడు.

అమెరికాది వేరే తంటా. అక్కడివాళ్లకి మన ధ్వనులు చాలావరకు ఉన్నాయి, కానీ పేరులో ఏదో ఒకచోట గట్టిగా నొక్కాలి, మిగతావి నలిపెయ్యాలి. కమలా హారిస్ తన పేరుకి కామా గుర్తుకి 'లా' చేర్చమని జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. లేకపోతే నడుమ నొక్కి 'కమాలా' చేస్తున్నారు. వాళ్లమ్మ శ్యామలగారు పెట్టినది మూడు పొట్టి అక్షరాల తామరపువ్వు.

8. చివరిది డబ్లిన్‌లో నేర్చుకున్నాను, డెబ్బై రెండో ఏట.

మా అబ్బాయి అక్కడ ఉద్యోగం. మనవరాలి స్నేహితురాలు ఒకత్తె వారానికి మూడుసార్లు ఇంటికొస్తుంది. పుట్టినరోజు పిలుపు కార్డు మీద దాని పేరు చూసి, చార్టు చదివిన ధీమాతో 'సియోభాన్' అన్నాను. పిల్లలిద్దరూ సోఫా మీద పడి దొర్లారు. అది 'శివాన్' అట. ఐరిష్‌లో బీ, హెచ్ కలిస్తే చాలాచోట్ల 'వ' అవుతుంది. ఖరగ్‌పూర్లో మన 'వ'ని బ చేశారని మా ఆవిడా నేనూ మొత్తుకున్నాం, ఇక్కడ భ లాంటిదాన్ని వ చేసి లెక్క సరిచేశారు! ఆ పేరు కూడా పాస్టరుగారి యోహాను సంతతే, ఆడపిల్లల రూపం. వీధి చివర ఉండే షాన్ అనే కుర్రాడిదీ అదే వంశం.

రెండు రోజులు సాధన చేశాను. మూడోరోజు గుమ్మంలో నిలబడి "శివానూ!" అని పిలిచాను. మనవరాలు తల కొట్టుకుంది.

"చివర్న 'ఊ' లేదు తాతా. శివాన్. అక్కడ ఆపెయ్యాలి."

బస్సు, రోడ్డు, జాను, డేవిడు, విశ్వనాథం. చివర ఏదో ఒకటి తగిలించకుండా పేరు ముగించడం మా తరంవాళ్లకి చేతకాదమ్మా అన్నాను. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ 'ఊ' వచ్చింది. ఆ పిల్ల మాత్రం రెండిటికీ పరుగెత్తుకొచ్చింది. జంతికల డబ్బా నా చేతిలోనే ఉంది మరి.