ఒక ఇంటిపేరు, ఒక 'వై' అక్షరం



ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి. జపాన్ కరెన్సీ పేరేమిటి? ఐదో తరగతి పిల్లలు కూడా 'యెన్' అని టక్కున చెప్పేస్తారు. జపాన్‌లో మాత్రం దాన్ని 'ఎన్' అంటారు. ముందు 'య' వినిపించదు. మరి మనం పలికే ఆ 'య' ఎక్కడి నుంచి వచ్చింది?

తెలుగువాళ్లకు ఇది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మన పాత అచ్చుపుస్తకాలు తిరగేస్తే 'ఎందుకు' బదులు 'యెందుకు', 'ఏమి' బదులు 'యేమి' కనిపిస్తాయి. మాట మొదట్లో ఉన్న 'ఎ'కు కాస్త 'య' కలిపి పలకడం మనకూ ఉన్న అలవాటే. జపనీస్‌లో కూడా ఒకప్పుడు 'ఎ' శబ్దం 'యె'లా పలికేది. ఆ భాషను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మొదలుపెట్టిన విదేశీయులు అందుకే 'ఎ' వచ్చిన చాలాచోట్ల 'వై, ఇ' అని రాసుకున్నారు. జేమ్స్ హెప్‌బర్న్ అనే అమెరికన్ మిషనరీ వైద్యుడు 1867లో తెచ్చిన జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువులోనూ అదే పద్ధతి. నేటి టోక్యో పాత పేరు 'ఎడో'. అప్పటి ఇంగ్లిష్ పుస్తకాల్లో అది 'యెడో'. 1886లో వచ్చిన మూడో కూర్పులో ఈ 'వై'ని చాలావరకు తీసేశారు. కరెన్సీ పేరు అప్పటికే ప్రపంచమంతా పాకిపోవడంతో అది 'యెన్'గానే ఉండిపోయింది.

అలా ఉండిపోయిన వాటిలో ఒక ఇంటిపేరు కూడా ఉంది. ఈ నెల మన పాఠం దాని గురించే.

ఆ ఇంటిపేరు జపాన్‌లో అతి సాధారణమైన మొదటి ఇరవై పేర్లలో ఒకటి. అక్షరం అక్షరం విడదీస్తే ఇ-నొ-ఉ-ఎ. నోటికి తేలిగ్గా ఉండడానికి మనం 'ఇనోయె' అందాం. రాసేది రెండు గుర్తులతోనే. మొదటిది బావి. అడ్డంగా రెండు గీతలు, నిలువుగా రెండు గీతలు, అచ్చం మీ ఫోన్‌లోని హ్యాష్ గుర్తులా ఉంటుంది. పైనుంచి తొంగి చూస్తే కనిపించే బావి చెక్క చట్రం అన్నమాట. రెండో గుర్తుకు 'పైన' అని అర్థం. మధ్యలోని 'నొ' మన 'యొక్క' లాంటిది. పలుకుతారు కానీ రాయరు. మొత్తం కలిపితే 'బావికి ఎగువన'. బావి పక్కన, ఊట పైన ఉన్న చోటు పేరే అక్కడ ఉన్నవాళ్ల పేరైంది. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మనకూ కోకొల్లలు కాబట్టి ఇందులో వింత లేదు. నగానో ప్రాంతంలో ఇనోయె అనే ఊరి నుంచి ఒక సమురాయ్ వంశమే వచ్చింది.

అయితే చాలాకాలం ఇంటిపేరు చెప్పుకునే హక్కు అందరికీ లేదు. టోకుగావా పాలకుల కాలంలో దాన్ని బహిరంగంగా వాడుకోగలిగింది సమురాయ్‌లు, అనుమతి పొందిన కొద్దిమంది మాత్రమే. 1870లో సామాన్యులు కూడా ఇంటిపేరు పెట్టుకోవచ్చని కొత్త ప్రభుత్వం ప్రకటించింది. జనం అంతగా ముందుకు రాలేదు. పేరు రాయిస్తే పన్ను పడుతుందేమోనన్న భయం ఊరికే పోతుందా! సైన్యానికి మనుషుల్ని లెక్కపెట్టి చేర్చుకోవాల్సిన అవసరం రావడంతో 1875లో తప్పనిసరి చేశారు. అందుకే జపాన్‌లో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు బంధువులై ఉండాల్సిన పనిలేదు. ఎన్ని ఊళ్లలో ఎన్ని బావులున్నాయో అన్ని ఇనోయెలు.

ఆ తర్వాత పదేళ్లకే ఈ పేరు ఓడెక్కింది. హవాయి అప్పటికి ఇంకా స్వతంత్ర రాజ్యం. చెరకు తోటలకు కూలీలు కావాలి. జపాన్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 1885 ఫిబ్రవరిలో తొలి ఓడ తొమ్మిది వందల మందికి పైగా జనంతో హోనొలులు చేరింది. 1894 వరకు ఈ ప్రభుత్వ ఒప్పందం కింద వెళ్లినవాళ్లు సుమారు 29,000 మంది. ఎక్కువమంది హిరోషిమా, యమగుచి, కుమమోతో, ఫుకువోకా ప్రాంతాల రైతులు. అన్నీ పశ్చిమ జపాన్‌వే. ఎందుకలా? అప్పటి విదేశాంగ మంత్రి స్వయంగా యమగుచి ప్రాంతం మనిషి, కూలీల్ని ఎక్కణ్నుంచి తీసుకోవాలన్న సలహాలో ఆయన మాట ఉంది. ఆయన పేరు కవోరు ఇనోయె. ఆనాటి ఇంగ్లిష్ పత్రికలు ఆయన పేరును 'వై' పెట్టే రాసేవి. మంత్రిగారి పేరే అలా ఉంటే, ఓడ జాబితాల్లోనూ కాగితాల్లోనూ రైతు పేరు వేరేగా ఎలా ఉంటుంది? నిఘంటువు మారినా పాత స్పెల్లింగ్ అలవాటు ఇంకా చాలా ఏళ్లు నడిచింది.

తోటలో జీతం మగవాళ్లకు నెలకు 9 డాలర్లు, ఆడవాళ్లకు 6 డాలర్లు, పైన తిండి ఖర్చు. నెలకు 26 రోజుల పని, పొలంలో రోజుకు పది గంటలు. కొత్తగా దక్కిన ఇంటిపేరు అక్కడ ఎవరికీ పట్టలేదు. ప్రతి కూలీకి నంబరు చెక్కిన లోహపు బిళ్ల ఇచ్చేవారు. దాన్ని 'బాంగో' అనేవారు, జపనీస్‌లో నంబరు అని అర్థం. జీతం తీసుకోవాలన్నా, తోట దుకాణంలో అరువు రాయించుకోవాలన్నా ఆ నంబరే. కంగాణీ పిలిచేదీ ఆ నంబరుతోనే.

అలా వెళ్లినవారిలో ఒక కుటుంబం కథ మనకు బాగా తెలుసు. 1899లో ఫుకువోకా ప్రాంతంలోని యొకొయామా అనే పల్లెలో ఒక ఇంట్లో నిప్పంటుకుని పక్క ఇళ్లు కూడా కాలిపోయాయి. నష్టం కట్టాల్సింది ఆ ఇంటివాళ్లే. నాలుగు వందల డాలర్ల అప్పు. పెద్దకొడుకు అసకిచి భార్యనీ, నాలుగేళ్ల కొడుకునీ వెంటబెట్టుకుని హవాయిలోని కవాయి దీవికి కూలికి వెళ్లాడు. అప్పు తీర్చి తిరిగి రావాలన్నది ఆలోచన. తీరడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది. అప్పటికి ఇంటికి వెళ్లడమంటే హవాయికే వెళ్లడం అయిపోయింది. ఆ నాలుగేళ్ల పిల్లవాడు అక్కడే పెరిగి పెద్దయ్యాడు. 1924లో అతనికి హోనొలులులో పుట్టిన కొడుకు డేనియల్ ఇనోయె.

అదే 1924లో అమెరికా కొత్త వలస చట్టంతో జపాన్ నుంచి వచ్చే దారి దాదాపు మూసేసింది. పిల్లలకు ఇక్కడ కొంచెం ఆగి చెప్పండి, ఎందుకంటే 'వై' అక్షరం గుట్టు ఇందులోనే ఉంది. జపాన్‌లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ పద్ధతి క్రమంగా మారింది, 'వై' పోయింది. హవాయి, కాలిఫోర్నియాల్లో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం జనన పత్రాల్లో, బడి రిజిస్టర్లలో, భూమి కాగితాల్లో పాత తీరుగానే స్థిరపడిపోయాయి. స్థూలంగా చెప్పాలంటే, ఈరోజు అమెరికాలో 'వై' ఉన్న ఇనోయె కనిపిస్తే వాళ్ల తాతముత్తాతలు ఆ తలుపు మూయకముందే వెళ్లినవాళ్లు. 'వై' లేకపోతే తర్వాత వెళ్లినవాళ్లు కావచ్చు. పక్కా సూత్రం కాదు, మంచి ఆధారం మాత్రమే. బాక్సింగ్ చూసే పిల్లలుంటే, జపాన్ ఛాంపియన్ నవోయా ఇనోయె పేరు స్పెల్లింగ్ వెతకమనండి. అందులో 'వై' ఉండదు. ఇంటర్నెట్‌లో 'ఈ ఇంటిపేరు ఏ దేశంలో ఎంతమందికి ఉంది' అని చూపే మ్యాపులు చాలా ఉన్నాయి. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే సగం కుటుంబాలు వాటిలో కనబడవని గుర్తుంచుకోండి.

1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు హవాయిలోని పెర్ల్ హార్బర్‌పై బాంబులు వేశాయి. డేనియల్‌కు అప్పుడు పదిహేడేళ్లు. ప్రథమ చికిత్స నేర్చుకుని ఉండటంతో ఆరోజే గాయపడినవాళ్ల సేవకు పరుగెత్తాడు. హవాయిలో అప్పటికి జపాన్ మూలాలవారు జనాభాలో మూడో వంతుకు పైనే. వాళ్లందర్నీ పట్టి బంధిస్తే తోటలు, రేవులు ఆగిపోతాయి. సుమారు రెండు వేలమందిని మాత్రమే నిర్బంధించారు. అమెరికా పశ్చిమ తీరంలో అలా జరగలేదు. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిన సంతకంతో కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల నుంచి జపాన్ మూలాలున్న కుటుంబాలను ఖాళీ చేయించారు. మొత్తం సుమారు 1,20,000 మంది. మూడింట రెండు వంతులు అమెరికాలోనే పుట్టిన పౌరులు. ఎడారుల్లో, బీడు భూముల్లో కట్టిన పది శిబిరాలకు తరలించారు. కుటుంబానికో నంబరు. ఆ చీటీని సామాన్లకూ, కోట్లకూ, చిన్నపిల్లల చొక్కాలకూ కట్టారు. తాతలు తోటల్లో మోసిన నంబరు బిళ్ల మనవలకు కాగితం చీటీగా వచ్చింది.

దీన్ని కోర్టులో నిలదీసినవారిలో కాలిఫోర్నియా ప్రభుత్వ ఉద్యోగిని మిత్సుయె ఎండో ఒకరు. ఆమె సొంత పేరు చివర కూడా అదే 'వై, ఇ' ఉంటుంది. కేసు వదులుకుంటే శిబిరం నుంచి వెళ్లొచ్చన్నా ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే కేసే ఉండేది కాదు. విధేయులైన పౌరులను నిర్బంధంలో ఉంచే అధికారం ఆ సంస్థకు లేదని 1944 డిసెంబరు 18న అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

శిబిరాల నుంచి బయటపడ్డవాళ్లలో చాలామందికి తిరిగి వెళ్లడానికి ఇల్లూ లేదు, పొలమూ లేదు. ఉద్యోగం ఎక్కడ దొరికితే అక్కడికి పోయారు. యుద్ధానికి ముందు షికాగోలో జపాన్ మూలాలవారు సుమారు నాలుగు వందలమంది. యుద్ధం ముగిశాక కొద్దికాలంలోనే సుమారు 20,000. డెన్వర్, మినియాపొలిస్, న్యూయార్క్‌లలోనూ జపాన్ ఇంటిపేర్లు టెలిఫోన్ డైరెక్టరీలకెక్కాయి. ఎక్కువమంది తర్వాత పశ్చిమానికే తిరిగి వెళ్లారు, కొందరు ఉండిపోయారు. సముద్రతీరపు పేరు దేశం నడిమధ్యకు చేరడానికి ఎవరి సరదా కారణం కాదు.

డేనియల్ డాక్టర్ కావాలనుకున్నాడు. 1943లో జపాన్ సంతతి యువకులను సైన్యంలోకి తీసుకోవడం మళ్లీ మొదలవగానే చదువాపి చేరాడు. 1945 ఏప్రిల్‌లో ఇటలీ యుద్ధంలో కుడిచేయి పోయింది, దాంతో శస్త్రవైద్యుడు కావాలన్న కలా పోయింది. ఇంటికి వెళ్తూ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఒక క్షౌరశాలకు వెళ్తే, ఒంటిమీద సైనిక దుస్తులు, పతకాలు ఉన్నా, జపాన్‌వాళ్లకు జుట్టు కత్తిరించమని పంపేశారు. ఆయన లా చదివి, 1959లో హవాయి రాష్ట్రమైనప్పుడు దాని తొలి కాంగ్రెస్ సభ్యుడయ్యారు. 1963 నుంచి 2012లో మరణించేదాకా సెనేటర్. శిబిరాలపై విచారణ కమిషన్ వేయించడంలో ఆయన పాత్ర ఉంది. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్క బాధితుడికి 20,000 డాలర్ల పరిహారం ప్రకటించింది. ఈరోజు హోనొలులు విమానాశ్రయానికి ఆయన పేరే. మావి దీవి కొండపైనున్న పెద్ద సౌర టెలిస్కోపుకూ ఆయన పేరే. 2020లో సూర్యుడి ఉపరితలం పల్లీ చిక్కీ ముక్కలా కనిపించిన ఫొటో గుర్తుందా? అది తీసింది ఆ టెలిస్కోపే. దాని పేరులోనూ ఆ 'వై' అలాగే ఉంది.

దక్షిణ అమెరికాలో కథ మరోలా నడిచింది. అమెరికా 1907-08 నుంచే కూలీల రాకను కట్టడి చేయడంతో ఓడలు బ్రెజిల్ వైపు మళ్లాయి. 1908 జూన్ 18న 'కసాతో మారు' ఓడ 781 మందితో సాంతోస్ రేవు చేరింది. కాఫీ తోటల పని. ఎనభై ఏళ్లు గడిచాయి. జపాన్‌కు ఫ్యాక్టరీ కార్మికుల కొరత వచ్చింది. 1990లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణతో వలసపోయినవాళ్ల మనవలకు దీర్ఘకాల నివాస వీసా ఇచ్చారు. 2007 నాటికి జపాన్‌లో బ్రెజిల్ పౌరులు మూడు లక్షలు దాటారు. తాతల ఊరికి వచ్చిన ఆ మనవల ఇంటిపేరును అక్కడ బావి గుర్తుతో రాయలేదు. వాళ్లు విదేశీయులు కాబట్టి, కంప్యూటర్, బ్రెడ్ లాంటి పరాయి మాటలకు వాడే కటకానా లిపిలో రాశారు. శబ్దం వచ్చింది, బావి మాత్రం రాలేదు. నాకు ఈ మొత్తం కథలో మనసు పట్టే చోటు ఇదే.

ఇక మన పని. ప్రపంచపటం ఒకటి తీసుకుని పిల్లలతో యమగుచి, ఫుకువోకా, హోనొలులు, శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో, సాంతోస్ గుర్తు పెట్టించి, ఒక్కో గీత పక్కన సంవత్సరం రాయించండి. ఆ తర్వాత మీ ఇంటిపేరుతో అదే పని చేయించండి. ఊరు ఏది, ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లారు, హైదరాబాదా, బెంగళూరా, డాలసా? అమ్మమ్మ, తాతయ్యలను అడిగితే గీతలు ఇంకా పెరుగుతాయి.

మరో చిన్న పని పెద్దలకే. 'చౌదరి' అన్న ఒక్క మాటకే ఇంగ్లిష్‌లో ఎన్ని స్పెల్లింగులున్నాయో మీకు తెలుసు. మీ బాబు లేదా పాప ఇంటిపేరు ఆధార్‌లో, జనన ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో, మా అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకేలా ఉందా? ఒక అక్షరం తేడా ఉన్నా తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లోపే క్యాంపస్ ఆఫీసులో చెప్పండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకసారి పడిన స్పెల్లింగ్‌ను మార్చుకోవడానికి చాలా తిరగాల్సి వస్తుంది.