ఒకే కొలత మరల మరల: రంపపు బల్ల ఫెన్స్‌ను మెరుగుపరచుట

బీరువా తలుపునకు చట్రము కట్టవలెనన్నచో రెండు నిలువు పట్టెలు, రెండు అడ్డ పట్టెలు కావలెను. నాలుగింటి వెడల్పును ఒక్కటిగా ఉండవలెను. వానిలో ఒకటి అర మిల్లీమీటరు పెరిగినచో కూసము బెజ్జములో కూర్చున్న చోట చిన్న మెట్టు ఏర్పడును. ఆ మెట్టును చిత్రిక పట్టి తీసినచో అంచు వంకరపోవును. తీయకున్నచో తలుపు వేసిన ప్రతిసారి కంటికి కనబడును. ఇల్లు కట్టించుకొన్న యజమాని పనివాని చేతిని నిందించును. కాని అనేక సందర్భములలో లోపము చేతిది కాదు, ఆ పట్టెలను చీల్చిన రంపపు బల్లపై నున్న ఫెన్స్‌ది.

రంపపు బల్ల అనగా నడుమనున్న సందులో నుండి గుండ్రని రంపపు బిళ్ళ పైకి వచ్చి తిరుగు ఇనుప బల్ల. ఆ బిళ్ళకు ప్రక్కగా, కొంత ఎడముతో నిలుచు నిటారు దూలమే ఫెన్స్. మన పనివారు దీనిని గైడ్ అని కూడ పిలుచుచున్నారు. పలక అంచును దీనికి ఆనించి ముందుకు త్రోసినప్పుడు, ఫెన్స్‌కును బిళ్ళకును నడుమనున్న దూరమే పట్టె వెడల్పు అగును. యంత్రము ఎంత గొప్పదైనను, మోటారు ఎన్ని గుర్రముల శక్తి కలదైనను, కొలతను నిర్ణయించునది ఈ దూలమే.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. వడ్రంగి సంచిలో ఏనాటి నుండియో ఖత్‌కష్ అను చిన్న పరికరము ఉన్నది. ఫారసీ భాషలో ఆ మాటకు గీత గీయునది అని అర్థము. దాని కొయ్య దిమ్మను పలక అంచుకు ఆనించి లాగినచో, దిమ్మనుండి మేకు మొనకు గల దూరముననే గీత పడును. దూరమును ఒక్కసారి బిగించి నూరు పలకల మీద గీయవచ్చును. రెండవసారి కొలబద్దను ముట్టుకొన పనిలేదు. ఫెన్స్ అనునది మోటారు తగిలించిన ఖత్‌కష్ అని చెప్పిన తప్పు లేదు. దానికి తోడైన మూలమట్టమును ఉర్దూ మాటలాడు మిస్త్రీలు గునియా అందురు. అది గ్రీకు భాషలో కోణమను అర్థము గల గోనియా అను పదమే, ఫారసీ ద్వారమున మన పనిశాలలకు చేరినది. మేము చెప్పబోవు మంచి ఫెన్స్ రూపమున ఈ రెండు పాత పరికరములును కలిసియున్నవని పాఠకులు ముందు చూడగలరు.

ఇచట రెండు గుణములను వేరు చేసి చూపవలసి యున్నది. ఒకటి, కోరిన కొలతకు ఎంత దగ్గరగా కోయుచున్నది. రెండవది, అదే కొలతకు మరల అమర్చినప్పుడు మరల అంతే కోయుచున్నదా. ఒక ఉదాహరణము తీసికొందము. స్కేలుపై 100 మిల్లీమీటర్లకు అమర్చి, ఒక పట్టె కోసి, ఫెన్స్‌ను దూరముగా జరిపి, తిరిగి 100కు తెచ్చి రెండవ పట్టె కోసి, ఇట్లు ఐదు పట్టెలు తీసితి మనుకొందము. మొదటి బల్లపై 100.4, 100.5, 100.4, 100.4, 100.5 వచ్చినవి. రెండవ బల్లపై 99.7, 100.3, 99.9, 100.4, 99.7 వచ్చినవి. రెండవ దాని సగటు సరిగా 100. మొదటి దాని సగటు 100.44. సగటును మాత్రమే చూచువారు రెండవ బల్లను మెచ్చుకొందురు. పని చేయువారు మొదటి దానినే కోరుకొనవలెను. ఏలయనగా మొదటి బల్లపై స్కేలు గీతను సుమారు నాలుగు పదోవంతులు జరిపినచో దోషము తీరిపోవును. రెండవ బల్లలో ఏడు పదోవంతుల చెదరుట ఉన్నది; దానిని ఏ గీత జరిపియు సరిచేయలేము. అది ఫెన్స్ నిర్మాణములోనే యున్న రోగము.

ఆ రోగమునకు కారణమేమి? అనేక చిన్న బల్లలపై ఫెన్స్ తల పొట్టిగా ఉండును. ముందు పట్టాపై ఆను ఆ తల వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఫెన్స్ పొడవు 750 మిల్లీమీటర్లు అనుకొందము. తలకును పట్టాకును నడుమ పదోవంతు మిల్లీమీటరు సందు ఉన్నచో, సరూప త్రిభుజముల సూత్రము ననుసరించి వెనుక కొన అయిదింతలు, అనగా అర మిల్లీమీటరు ప్రక్కకు తప్పును. బిగించునప్పుడు చేయి ఎడమవైపు ఒత్తినదా కుడివైపు ఒత్తినదా అను దానిని బట్టి ప్రతిసారి తప్పు మారుచుండును. కొన్ని బల్లలపై ముందును వెనుకను రెండు చోట్ల బిగించు ఏర్పాటు ఉన్నది. 1939లో అమెరికాలో డెల్టా కంపెనీ తెచ్చిన యూనిసా అను ప్రసిద్ధమైన బల్లపై చాలకాలము వాడిన ఫెన్స్ ఈ జాతిదే. గట్టిగానే నిలుచును, కాని ముందు కొన ఒక దిక్కున, వెనుక కొన మరొక దిక్కున బిగిసిన సమాంతరత చెడును. జాగ్రత్త గల పనివాడు ప్రతిసారి ముందును వెనుకను టేపుతో కొలిచి చూచుకొనును. అట్లు కొలువవలసి వచ్చుటయే ఫెన్స్ తన పనిని చేయుట లేదనుటకు సాక్ష్యము.

దీనికి మంచి మందు కనిపెట్టినవాడు అరిజోనా రాష్ట్రమునకు చెందిన విలియం బీస్‌మేయర్. 1980లో ఆయన పొందిన పేటెంటులోని ఉపాయము వినుటకు అతి సాధారణము: ఫెన్స్‌ను చిత్రలేఖకుని టీ-స్క్వేర్ వలె చేయుట. ఉక్కు దూలమునకు ముందు భాగమున వెడల్పైన అడ్డుకొమ్మను అతికించి, ఆ కొమ్మ రెండు కొనలను ముందు పట్టాకు ఆనించి, నడుమనున్న మీటతో బిగించుట. మీటను అదిమినప్పుడు క్యామ్ రెండు ఆనుడు బిళ్ళలను పట్టాపై ఒత్తును గనుక సందు మిగులదు. దూలపు దిక్కును నిర్ణయించునది పనివాని చేయి కాదు, పట్టా ముఖమే. వెనుక కొనను బిగింప పనిలేదు. ఒక్కచోట మాత్రమే బిగించి రెండు చోట్ల బిగించిన దానికన్న నమ్మకమైన ఫలితము పొందుట ఈ రూపములోని అందము.

వెనుక కొన స్వేచ్ఛగా ఉన్నచో, పలక ఒత్తిడికి దూలము వంగదా అను సందేహము న్యాయమైనదే. లెక్క వేసి చూతము. 50 మి.మీ. వెడల్పు, 75 మి.మీ. ఎత్తు, 3 మి.మీ. మందము గల ఉక్కు గొట్టమును 750 మి.మీ. పొడవున ఒక కొన బిగించి, రెండవ కొనను ప్రక్కనుండి 50 న్యూటన్లతో, అనగా సుమారు 5 కిలోల బరువుతో ఒత్తినచో, అది 0.12 మి.మీ. వంగును. 25 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు, ఒకటిన్నర మిల్లీమీటరు మందము గల గొట్టము అదే ఒత్తిడికి 1.5 మి.మీ. వంగును. పండ్రెండింతలకు పైగా భేదము! దుకాణములో గొట్టము కొనునప్పుడు నాలుగు రూపాయలు మిగిలించుకొన జూచువారు ఈ రెండు అంకెలను చూడవలెను.

మన ఊళ్ళలోని పనిశాలలలో కోణపు ఇనుముతో ఇచటనే కట్టించిన బల్లలు తక్కువ కావు. వానిపై ఫెన్స్ అనగా రెండు సీ-క్లాంపులతో బిగించిన కొయ్య పట్టె. అట్టి బల్లకు టీ రూపపు ఫెన్స్‌ను వెల్డింగ్ పనివానిచేత చేయించుకొనవచ్చును. అడ్డుకొమ్మ 300 మిల్లీమీటర్లకు తగ్గరాదు. వెల్డింగ్ వేడికి ఉక్కు లాగుకొనునని మరువరాదు. కావున ఒకేసారి పొడవునా అతుకక, ఇటు కొంచెము అటు కొంచెము టాకాలు వేసి, చల్లారనిచ్చి, మూలమట్టముతో చూచి మరల అతుకవలెను. ఎంత చేసినను కొద్దిపాటి వంకర మిగులును. దానికై అడ్డుకొమ్మ కొనలలో ఆనుడు బిళ్ళల వెనుక రెండు సవరణ మరలు పెట్టించవలెను. దూలపు ముఖము చక్కగా లేనిచోట 18 మి.మీ. ప్లైవుడ్ పలకకు సన్‌మైకా అతికించి తొడిగి, వెనుక కాగితపు ముక్కలు చేర్చి సరిచేసికొనవచ్చును.

అమర్చుటలో క్రమము ముఖ్యము. చాలమంది ఫెన్స్‌ను బిళ్ళకు సమాంతరము చేయ మొదలిడుదురు. అది తలక్రిందుల పని. బల్లపైనున్న పొడవాటి గాడియే అన్నిటికిని ఆధారము. యంత్రమునకు కరెంటు తీసివేసి, బిళ్ళ యొక్క ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, ఆ పన్ను ముందున్నప్పుడును, త్రిప్పి వెనుకకు తెచ్చినప్పుడును గాడి నుండి దాని దూరమును కొలువవలెను. పన్ను మార్చినచో బిళ్ళలోని వంకర కూడ కొలతలో చేరును. ఆ రెండు దూరములును సమానమగు వరకు బిళ్ళ ఇరుసును సవరించి, తరువాతనే ఫెన్స్‌ను అదే గాడికి సమాంతరము చేయవలెను.

ఇది కేవలము అందమైన అంచు కొరకు చెప్పుచున్న మాట కాదు. ఫెన్స్ వెనుక కొన బిళ్ళవైపు ఒరిగియున్నచో, ముందుకు పోయిన పలక బిళ్ళకును ఫెన్స్‌కును నడుమ ఇరుకున పడును. బిళ్ళ ముందు పళ్ళు క్రిందికి దిగుచు చెక్కను బల్లపై అదుముచుండగా, వెనుక పళ్ళు పైకి లేచుచుండును. ఇరుకున పడిన పలకను అవి ఎత్తి పనివానిపైకి విసరివేయును. 10 అంగుళముల బిళ్ళ నిమిషమునకు 4000 సార్లు తిరిగినచో దాని అంచు వేగము సెకనుకు 53 మీటర్లు, గంటకు 190 కిలోమీటర్లు. పలక ఛాతికి తగులుట ఒక ప్రమాదము. పలక ఎగిరిపోగా దానిపై నున్న చేయి బిళ్ళపై పడుట అంతకు మించిన ప్రమాదము. అందుచే వెనుక కొన పదోవంతు, మహా అయిన రెండు పదోవంతుల మిల్లీమీటరు బయటికి ఉండిన ఉండవచ్చును గాని, లోపలికి వెంట్రుక వాసియు ఉండరాదు. చెక్క తన లోపలి బిగువుచే కోసినకొలది తానే మూసికొనుటయు కలదు. అది ఫెన్స్ ఎంత బాగున్నను ఆగదు. బిళ్ళ వెనుక నిలుచు రైవింగ్ నైఫ్ అను ఉక్కు రేకును అడ్డమని తీసిపారవేయు అలవాటు మా దృష్టిలో క్షమింపరానిది.

స్కేలు సంగతి తేలిక. ఫెన్స్ సమాంతరమైన పిదప ఒక పట్టె కోసి, వెర్నియర్‌తో కొలిచి, వచ్చిన అంకెపైకి సూచిక గీతను జరిపి బిగించవలెను. గీతను సరిగా పైనుండియే చూడవలెను. వేరొక మందము గల బిళ్ళ వేసినప్పుడెల్ల ఈ పని మరల చేయవలసినదే. మాటిమాటికి వచ్చు వెడల్పులకు ఆ కొలతకే కోసిన ప్లైవుడ్ ముక్కలను దాచుకొని, ఫెన్స్‌కును పంటికిని నడుమ ఉంచి అమర్చుకొనుట స్కేలు చదువుటకన్న మేలు.

అన్నియు ముగిసిన తరువాత, పైన చెప్పిన పరీక్షను పది పట్టెలతో చేయవలెను. ఎక్కువ తక్కువల భేదము పదోవంతు, రెండు పదోవంతులలో నున్నచో అంతటితో తృప్తి పడవచ్చును. టేకు పలక వేసవికిని వానకాలమునకును తన వెడల్పును అంతకన్న ఎక్కువే మార్చుకొనును. కాని నాలుగు పట్టెలును కలిసి ఉబ్బి, కలిసి కుంగుచుండును గనుక వాని మధ్య భేదము పెరుగదు. భేదము ఎక్కువగా కనబడినచో మరలను ముట్టుకొనక మునుపు పట్టాను గుడ్డతో తుడిచి చూడవలెను. ఆనుడు బిళ్ళ క్రింద చిక్కిన పదోవంతు మిల్లీమీటరు రంపపు పొట్టు, 300 మిల్లీమీటర్ల అడ్డుకొమ్మ గల ఫెన్స్ వెనుక కొనను పావు మిల్లీమీటరు జరుపును. తుడిచి, పలుచగా మైనము రుద్ది, మరల పది పట్టెలు కోసి కొలువవలెను.