పొగబండి ఎరగని పిల్లలకు ఆవిరి బొమ్మలు

అల్వాల్ స్టేషన్ మీదుగా పోయే రైలు మార్గాన్ని నిజాం ఏలుబడిలో, 1900 ప్రాంతంలో, హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే పేరిట వేశారు. మన్మాడ్ దాకా సాగిన ఆ మీటర్ గేజ్ పట్టాల మీద దశాబ్దాల పాటు బొగ్గు ఇంజన్లు నడిచాయి. ఇప్పుడదే దారిలో, 2023 నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ తిరుగుతోంది. పొగబండి గురించి తాతయ్యల నోట వినడమే తప్ప మన పిల్లలు ఎక్కింది లేదు. అందుకేనేమో, ఇత్తడి గొట్టాలూ పళ్ల చక్రాలూ ఉన్న ఎగిరే ఓడల్ని ఫోన్లో చూసి, లెగోతో తామూ అలాంటివి చేస్తామంటున్నారు. దీన్ని స్టీమ్‌పంక్ అంటారు. లోకమంతా ఆవిరి మీదే నడిచి ఉంటే యంత్రాలెలా ఉండేవన్న ఊహ అది. ఆ పేరు 1987లో పుట్టింది కానీ, జూల్స్ వెర్న్ జలాంతర్గామి కథ చదివినవాళ్లకు ఆ లోకం కొత్తదేమీ కాదు.

పిల్లలు అడిగారు కదాని పెద్ద సెట్టు ఆర్డరు పెట్టేయకండి. ముందు వాళ్లను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి, శుక్రవారం సెలవు. అక్కడి సంగీత గడియారంలో చిన్న కమ్మరి సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటాడు. గంట కావస్తుండగా గడ్డం మనిషి బయటికొచ్చి, టైము కాగానే గంట మోగించి లోపలికెళ్తాడు. మధ్యాహ్నం పన్నెండుకు వెళితే పన్నెండు దెబ్బలూ వినొచ్చు, జనం తోపులాట మాత్రం తప్పదు. ఆ మనిషిని లోపలి నుంచి ఎవరు తోస్తున్నారని పిల్లలు అడిగితే వెంటనే చెప్పేయకండి. వాళ్లేమనుకుంటున్నారో ముందు వినండి.

ఇక ఇటుకలు. పుట్టినరోజులకు వచ్చిపడ్డ ముక్కలన్నీ మంచం కింద డబ్బాలో ఉండే ఉంటాయి. వాటిలోంచి నలుపు, బూడిద, గోధుమ రంగువి ఏరమనండి. బంగారు రంగువి నాలుగైదు దొరికితే అదే పదివేలు. రంగులు తగ్గిస్తే చాలు, మామూలు పెట్టె కూడా పాతకాలపు యంత్రంలా కనిపించడం మొదలవుతుంది. లెగో ఇటుక ఇప్పటి రూపం 1958 నాటిది. అప్పటి ముక్క ఇప్పటిదానికీ అతుకుతుంది కాబట్టి మేనమామ ఇంట్లో పాత డబ్బా ఉందంటే మొహమాటపడకుండా అడగండి. బేగంబజార్‌లో చవక ముక్కలు కొనేటట్లయితే ప్యాకెట్ మీద ఐఎస్‌ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. ఇంటికొచ్చాక రెండు ముక్కలు నొక్కి, పైదాన్ని పట్టుకుని ఎత్తండి. కిందిది జారిపోతే అవి గోడలకే పనికొస్తాయి, తిరిగే భాగాలకు కాదు.

కొనాల్సిందల్లా కొన్ని గేర్లు, ఇరుసులు. ఎనిమిది పళ్ల గేరును ఇరవై నాలుగు పళ్లదానికి ఆనించి తిప్పమనండి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు. తర్వాత చక్రం అంచు దగ్గర రంధ్రంలో ఒక కడ్డీ తగిలించి, దాని రెండో కొసను గాడిలో పెట్టి చక్రం తిప్పితే ఆ కొస ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఆవిరి ఇంజన్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఆవిరి పిస్టన్‌ను నెడుతుంది, చక్రం తిరుగుతుంది. ఇది ఐఐటీ ఫౌండేషన్‌కు పనికొస్తుందా అని మాత్రం పిల్లల ముందు అనకండి, ఆ డబ్బా మళ్లీ మంచం కిందికి పోతుంది.

బొమ్మ సగమయ్యాక మీ పని మొదలవుతుంది. "నిప్పెక్కడ? నీళ్లెక్కడ పోస్తారు? పొగ ఎటు పోతుంది?" ఈ మూడూ అడగండి చాలు. జవాబు కోసం వాళ్లే బాయిలరు పెడతారు, గొట్టం వంచుతారు, బొగ్గు వేసేవాడికి నిలబడే చోటు చూపిస్తారు. అందానికి అతికించిన, తిరగని గేరంటే నాకు పెద్దగా ఇష్టం లేదు. అయినా మొదటి బొమ్మలో అవే ఎక్కువుంటాయి, ఏమీ అనకండి. రెండో బొమ్మకు వాళ్లకే నచ్చవు. చిన్నప్పుడు మెకానిక్స్ సెట్టుతో క్రేన్లు బిగించిన నాన్నలకు చేతులు దురద పెడతాయి. వాళ్లకు వేరే డబ్బా ఇవ్వడం మంచిది.

ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఈ ఆట నేల మీద వద్దు, బల్ల మీదే. చిన్న గేరు గొంతులో ఇరుక్కోవడానికి క్షణం చాలు. రోజూ ఆట ముగిశాక బల్ల కింద ముక్కలేమైనా పడ్డాయేమో చూసుకోవాలి. గట్టిగా పట్టేసిన పలకల్ని పిల్లలు పళ్లతో లాగుతారు, ముక్కా పాడు, పన్నూ పాడు. వాటిని విడదీయడానికే సన్నటి ప్లాస్టిక్ పనిముట్టొకటి వస్తుంది. చాలా సెట్లలో ఉంటుంది కానీ అదేమిటో తెలియక పారేస్తుంటాం. డబ్బా అడుగున ఒకసారి వెతకండి.