పాఠం 14: ప్రశ్నోత్తరాల సమయం – ప్రధానమంత్రి జవాబు చెప్పవలసిన వేళ

గత పాఠంలో పార్లమెంటు చట్టాలను ఎలా చేస్తుందో తెలుసుకొన్నారు. చట్టం చేయడం ఎంత ముఖ్యమో, ఆ చట్టం అమలవుతోందా లేదా అని ప్రభుత్వాన్ని అడగడమూ అంత ముఖ్యమే. ఈ పాఠంలో ఆ అడిగే పద్ధతిని గురించి చదువుతారు.

ముందు ఒక సంగతి ఊహించుకోండి. మీ ఊరి ఉన్నత పాఠశాలలో రెండేళ్ళుగా లెక్కల మాస్టారు లేరు. మీరు వెళ్ళి ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగారు. మండల విద్యాధికారిని అడగమన్నారు. ఆయన జిల్లా విద్యాశాఖాధికారి పేరు చెప్పారు. జిల్లాలో అడిగితే "పైనుంచి ఉత్తర్వులు రావాలి" అన్నారు. ఈ "పైన" అనేది ఎక్కడ ఉంది? అక్కడ కూర్చున్నవారు జవాబు చెప్పక తప్పని చోటు ఏదైనా ఉందా?

ఉంది. రాష్ట్రంలో శాసనసభ, దేశంలో పార్లమెంటు. అక్కడ సభ్యుడు లేచి అడిగితే మంత్రి, అవసరమైతే ప్రభుత్వాధినేత జవాబు చెప్పాలి. ఆ జవాబు సభా కార్యకలాపాల నివేదికలో అచ్చవుతుంది. "నేను అలా అనలేదు" అనడానికి తరువాత వీలుండదు.

14.1 అడిగే హక్కు ఎలా వచ్చింది?

బ్రిటిష్ పాలనలో శాసనమండలి సభ్యులకు మొదట ప్రశ్న అడిగే హక్కే లేదు. 1892 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం ఆ హక్కును అనేక షరతులతో ఇచ్చింది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా మొదటి ప్రశ్న అడిగారు. ప్రశ్న దేనిని గురించి అనుకొంటున్నారు? ప్రభుత్వాధికారులు గ్రామాలకు పర్యటనకు వచ్చినప్పుడు వారికి సరుకులు సమకూర్చే ఏర్పాటు వల్ల పల్లెలోని దుకాణదారులు పడుతున్న ఇబ్బందులను గురించి! మన దేశంలో చట్టసభలో వినిపించిన మొదటి ప్రశ్న పల్లెటూరి కిరాణా కొట్టువాడి కష్టం కావడం గమనించదగ్గ విషయం. పరిపాలనను గురించి ప్రశ్న అంటే ఇదే.

1909 చట్టం వచ్చాక, జవాబుతో తృప్తి పడని సభ్యుడు మరో ప్రశ్న వేసే వీలు కలిగింది. దీనిని అనుబంధ ప్రశ్న అంటారు. అయితే మొదటి ప్రశ్న అడిగినవారికే ఆ అవకాశం. 1919 సంస్కరణల తరువాత ఇతర సభ్యులకూ అది దక్కింది. ఆ మధ్య కాలంలోనే, 1911లో, గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య కోసం ఒక బిల్లు ప్రవేశపెట్టారు. 1912లో 13 ఓట్లకు వ్యతిరేకంగా 38 ఓట్లతో అది వీగిపోయింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. 14.4లో మళ్ళీ దీని అవసరం పడుతుంది.

14.2 ప్రశ్న చేసే ప్రయాణం

లోక్‌సభ సమావేశం ఉదయం 11 గంటలకు మొదలవుతుంది. మొదటి గంట ప్రశ్నోత్తరాలది. రాజ్యసభలో 2014 నుంచి ఈ గంటను మధ్యాహ్నం 12కు మార్చారు.

ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నోటితో జవాబు కోరే ప్రశ్నకు పక్కన నక్షత్రం గుర్తు వేస్తారు. దీనిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకు కాగితం మీదనే జవాబు వస్తుంది, దానిపై అనుబంధ ప్రశ్నలు ఉండవు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేని ప్రశ్నలు జాబితాలో చేరుతాయి. వచ్చిన నోటీసులు ఎక్కువ కాబట్టి ఎవరి ప్రశ్న ముందో చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఆ 20లోనూ గంట ముగిసేలోగా సాధారణంగా అయిదారుకు మించి సభలో చర్చకు రావు. మిగిలినవాటికి రాతపూర్వకమైన జవాబే గతి.

నోటీసు 15 రోజుల ముందు ఇవ్వాలి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. అందులో వాదన, ఎత్తిపొడుపు, నిందారోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం ఎత్తకూడదు. ఇవి కేవలం ఆంక్షలుగా కనిపించవచ్చు. నిజానికి ఇవి ప్రశ్నకు పదును పెడతాయి. "విద్యావ్యవస్థ ఎందుకింత అధ్వాన్నంగా ఉంది?" అని అడిగితే మంత్రిగారు ఉపన్యాసం ఇచ్చి కూర్చుంటారు. "మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఖాళీలు ఎప్పటి నుంచి ఉన్నాయి?" అని అడిగితే అంకెలు చెప్పక తప్పదు.

ప్రశ్న మంత్రిత్వ శాఖకు చేరగానే ఏం జరుగుతుందో మా వంటి సంస్థలలో పనిచేసేవారికి బాగా తెలుసు. "పార్లమెంటు ప్రశ్న" అనే చీటీ అతికించిన ఫైలు బల్లమీదికి వస్తే మిగిలిన పనులన్నీ పక్కకు జరుగుతాయి. ఆ రోజు ఇంటికి చేరేది రాత్రే. రాష్ట్రాల నుంచి లెక్కలు తెప్పించాలి. మంత్రికి జవాబుతో పాటు, సభ్యులు ఏయే అనుబంధ ప్రశ్నలు వేయవచ్చో ఊహించి వాటికీ జవాబులు సిద్ధం చేయాలి. ఏళ్ళ తరబడి ఎవరూ లెక్కపెట్టని విషయాన్ని ఒక్క ప్రశ్న లెక్కపెట్టిస్తుంది. జవాబు సంగతి ఎలా ఉన్నా, ఇది కూడా ప్రశ్న వల్ల కలిగే లాభమే.

పాఠగత ప్రశ్నలు
1. నక్షత్ర ప్రశ్నకు, నక్షత్రం లేని ప్రశ్నకు తేడా ఏమిటి?
2. మొదటి ప్రశ్న ఏ సమస్యను గురించి అడిగారు?

14.3 ప్రధానమంత్రి వంతు

ఒక్కొక్క మంత్రిత్వ శాఖకు వారంలో ఒక రోజు కేటాయిస్తారు. ప్రధానమంత్రి స్వయంగా చూసే శాఖలకు లోక్‌సభలో బుధవారం, రాజ్యసభలో గురువారం కేటాయించడం ఆనవాయితీ. సిబ్బంది వ్యవహారాలు, ప్రజా ఫిర్యాదులు, పింఛన్ల మంత్రిత్వ శాఖ చాలాకాలంగా ప్రధానుల వద్దనే ఉంటోంది. కేంద్ర ఉద్యోగాల నియామకాలు, ఐ.ఏ.ఎస్. అధికారుల వ్యవహారాలు దీని కిందికే వస్తాయి. కనుక పరిపాలన మీద వేసే ప్రశ్న నేరుగా ప్రధాని శాఖకే తగులుతుంది. అయితే చాలా సందర్భాలలో జవాబు చెప్పేది ఆ శాఖ సహాయమంత్రి.

విద్యకు వేరే మంత్రి ఉంటారు. మరి ప్రధానికి సంబంధం ఏమిటి? రాజ్యాంగంలోని 75(3) అధికరణం ప్రకారం మంత్రివర్గం అంతా కలిసి లోక్‌సభకు బాధ్యత వహిస్తుంది. ఒక మంత్రి ఇచ్చిన జవాబు మొత్తం ప్రభుత్వం ఇచ్చిన జవాబే. అందుకే మంత్రి తడబడినప్పుడు ప్రధాని లేచి జోక్యం చేసుకోవచ్చు. జవహర్‌లాల్ నెహ్రూ ప్రధానిగా ఉన్నంతకాలం విదేశీ వ్యవహారాల శాఖ కూడా ఆయన వద్దనే ఉండడంతో తరచు ఆయనే జవాబు చెప్పవలసి వచ్చేది. తరువాతి కాలంలో ప్రధానులు స్వయంగా లేచి జవాబు చెప్పడం బాగా తగ్గింది. ఇది మంచి మార్పు కాదని ఈ పాఠం రాసినవారి అభిప్రాయం.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ 1961 నుంచి మంగళ, గురువారాలలో పావుగంట చొప్పున, 1997 నుంచి ప్రతి బుధవారం అరగంట, సభ సమావేశాలు ఉన్న రోజుల్లో ప్రధాని ఏ విషయం మీదనైనా ప్రశ్నలు ఎదుర్కొంటారు. అటువంటి ప్రత్యేక సమయం మన పార్లమెంటులో లేదు.

మన తెలుగువారిలో పి.వి. నరసింహారావు ఈ బాధ్యతను అన్ని మెట్లమీదా చూశారు. రాష్ట్రంలో విద్యామంత్రిగా పనిచేశారు. 1985లో మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఏర్పడినప్పుడు దానికి మొదటి మంత్రి ఆయనే. 1986 జాతీయ విద్యావిధానం ఆ కాలంలోనే వచ్చింది. 1991 నుంచి 1996 దాకా ప్రధానిగా ఉన్నారు.

14.4 యాభై ఏళ్ళు అడిగిన ప్రశ్న

ఇప్పుడు మీకు స్వయంగా సంబంధించిన విషయానికి వద్దాం. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణంలో ఒక గడువు పెట్టింది. పదేళ్ళలోగా, అంటే 1960 నాటికి, 14 ఏళ్ళు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలన్నది దాని సారాంశం. గోఖలే బిల్లు వీగిపోయి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు.

1960 వచ్చింది, వెళ్ళింది. ఆ అధికరణం ఆదేశిక సూత్రాలలో ఉంది కాబట్టి దానికోసం కోర్టుకు వెళ్ళే వీలు లేదు. కనుక ప్రశ్న అడగవలసిన చోటు చట్టసభే. ప్రభుత్వం వైపు రెండు సాకులు సిద్ధంగా ఉండేవి. ఒకటి డబ్బు లేదనేది. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలని కొఠారీ కమిషన్ (1964–66) సూచించింది. 1968 విద్యావిధానం దానిని లక్ష్యంగా ఒప్పుకొంది. 2020 విధానం కూడా అదే 6 శాతాన్ని మళ్ళీ రాసుకొంది. ఒప్పుకొన్న లక్ష్యం చేరి ఉంటే మళ్ళీ రాసే అవసరం వచ్చేది కాదు. రెండో సాకు, విద్య రాష్ట్రాల విషయమనేది. కేంద్రానికి ముఖ్యంగా సంబంధించని విషయంపై ప్రశ్నను పార్లమెంటులో అనుమతించరు. 1976లో చేసిన 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలోకి మార్చింది. దానితో ఆ సాకు కొంత బలహీనపడింది.

1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో, 14 ఏళ్ళ దాకా ఉచిత విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 2002లో 86వ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. గడువు దాటి సరిగ్గా యాభై ఏళ్ళు.

ఈ యాభై ఏళ్ళలో బడి మానేసిన పిల్లలు పెద్దవారయ్యారు. మీలో కొందరు వారే కావచ్చు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళవారికే వర్తిస్తుంది. ఆ వయసు దాటినవారి కోసం 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలను నెలకొల్పారు. మీరు చదువుకోవలసిన వయసులో అందనిది ఇప్పుడు ఈ పుస్తకం రూపంలో అందుతోంది. ఇది ఎవరో చూపిన దయ అనుకోకండి, బాకీ చెల్లింపు అనుకోండి.

14.5 జవాబులో దాగిన హామీ

సభలో తరచు వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి: "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం, సభా సమక్షంలో ఉంచుతాం", "పరిశీలిస్తాను". ఇవి తప్పించుకొనే మాటల్లా వినిపిస్తాయి. కానీ నియమాల ప్రకారం ఇవి హామీలు. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఇటువంటి మాటలను నివేదిక నుంచి ఏరి, మూడు నెలల్లో నెరవేర్చారా లేదా అని అది శాఖలను అడుగుతుంది. ఆలస్యమైతే శాఖ గడువు పెంచమని కోరవలసిందే. గడువులు పదే పదే పెరగడమూ ఉంది. అయినా కాగితం మీద బాకీ అలాగే నిలిచి ఉంటుంది.

ప్రశ్న ఎంత దూరం పోగలదో చూడండి. 1957లో జీవిత బీమా సంస్థ ముంద్రా కంపెనీలలో పెట్టిన పెట్టుబడి మీద సభలో ప్రశ్నలు వచ్చాయి. పాలక పక్షానికే చెందిన ఫిరోజ్ గాంధీ దానిని వదలలేదు. విచారణ కమిషన్ వేశారు. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆ విచారణ జరిపిన ఎం.సి. ఛాగ్లా 1963లో కేంద్ర విద్యామంత్రి అయి, తానే ప్రశ్నలకు జవాబు చెప్పే స్థానంలో నిలిచారు.

ఈ హక్కు చెడిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బు తీసుకొని ప్రశ్నలు వేసినందుకు 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను బహిష్కరించారు. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్నే రద్దు చేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం కొనసాగాయి. అంటే జవాబులు వచ్చాయి గాని, అనుబంధ ప్రశ్న వేసే నోరు లేకపోయింది. ఆ రెండింటికీ ఉన్న తేడా 14.2 చదివిన మీకు తెలుసు.

కృత్యం

మీ ఊరి బడిని గాని, ప్రభుత్వ కార్యాలయాన్ని గాని ఎంచుకోండి. అక్కడి ఒక లోటుపై 150 పదాలు మించకుండా ప్రశ్న రాయండి. కింది నమూనా చూడండి.

"విద్యామంత్రి ఈ కింది విషయాలు తెలియజేస్తారా: (అ) ఫలానా మండలంలోని ఉన్నత పాఠశాలల్లో మంజూరైన గణిత ఉపాధ్యాయుల పోస్టులెన్ని, (ఆ) వాటిలో ఖాళీలెన్ని, ఎప్పటి నుంచి, (ఇ) వాటిని ఏ తేదీలోగా భర్తీ చేస్తారు?"

ఈ నమూనా శాసనసభకు తగినదా, పార్లమెంటుకు తగినదా? ఎందుకు? రాసిన ప్రశ్నలో వాదన గాని, నింద గాని ఉంటే కొట్టివేయండి. "పరిశీలనలో ఉంది" అని జవాబు వస్తే మీరు వేసే అనుబంధ ప్రశ్నను కూడా కింద రాయండి. రెండింటినీ మీ అధ్యయన కేంద్రంలో చదివి వినిపించండి. సరిగ్గా కుదిరాయనుకొంటే మీ శాసనసభ్యునికి పంపవచ్చు.