కలి నలుణ్ణి వదిలిన చోటు

బి. మల్లాపురం

చిరంజీవి అమ్మణ్ణికి తాత ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ప్లస్ టూలో లెక్కల పరీక్ష పోయిందని రాశావు. అది పెద్ద విషయం కాదు. "నాకు ఏలినాటి శని అంట తాతా, ఇంక ఎంత చదివినా అంతేనంట" అన్నావు చూడు, అదే నాకు బాధ కలిగించింది. ఎవరో పెద్దవాళ్ళు నీ చెవిన వేసిన మాట అది. అందుకే ఇంత రాస్తున్నాను.

శని పేరెత్తితే మన తమిళ సీమలో అందరికీ తిరునళ్ళారే గుర్తొస్తుంది. అక్కడి నలతీర్థంలో మునిగాకే నలమహారాజుకి శని వదిలిందని స్థలపురాణం. నువ్వూ వెళ్ళి మునిగి రా, వద్దనను. అయితే భారతంలో నలుణ్ణి పట్టింది శని కాదు, కలిపురుషుడు. ఆ కలి ఎప్పుడు, ఎలా వదిలాడో నువ్వు తెలుసుకోవాలి. శ్రీనాథుడి శృంగార నైషధం పెళ్ళి ముచ్చట దాటి కష్టాల్లోకి పోదు. ఆ భాగం కావాలంటే నన్నయగారి అరణ్యపర్వం తెరవాలి, లేదా నీకు బడిలో అలవాటైన తమిళంలోనే పుగళేంది నళవెణ్బా చదవాలి.

నలుడు తమ్ముడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. అడవిలో నిద్రపోతున్న భార్య దమయంతి చీరలో సగం కోసుకుని, ఆమెను ఒంటరిగా వదిలి వెళ్ళిపోయాడు. కర్కోటకుడనే పాము కాటుకి రూపం మారిపోయింది. బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు చూసుకుంటూ బతికాడు. ఒకనాడు రథం మీద పోతుంటే ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూసి ఆకులెన్నో, కాయలెన్నో చెప్పేశాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది! నా అశ్వవిద్య నీకిస్తాను, నీ విద్య నాకు నేర్పమన్నాడు. ఆ అక్షహృదయం, అంటే పాచికల మర్మం, పట్టుబడగానే కలి విషం కక్కుకుంటూ నలుడి ఒంట్లోంచి బయటికొచ్చాడు.

కర్కోటకుడి విషం, దమయంతి శాపం కలిని లోపల కాలుస్తూనే ఉన్నాయి, నిజమే. అయినా వాడు వదిలింది మాత్రం నలుడు తనను ముంచిన విద్యనే నేర్చుకున్నప్పుడు. నువ్వు తప్పింది లెక్కల్లో కాబట్టి ఈ కథే నీకు చెబుతున్నాను.

ఇది విన్నదెవరో తెలుసా? అరణ్యవాసంలో ఉన్న ధర్మరాజు. నాకంటే దుఃఖపడ్డ రాజు ఎవరైనా ఉన్నాడా అని బృహదశ్వమహర్షిని అడిగాడు. మహర్షి కథ చెప్పి ఊరుకోలేదు, ఆ అక్షహృదయాన్ని ధర్మరాజుకీ నేర్పి వెళ్ళాడు.

మన పక్క కూత్తుల్లో, అదే వీధినాటకాల్లో, తెల్లారేదాకా కర్ణమోక్షం, వస్త్రాపహరణం ఆడతారు. అక్కడ ద్రౌపది ఏడుపే మనకు గుర్తుండిపోతుంది. అరణ్యపర్వంలో ఆమె వాదన కూడా విను. ధర్మాన్ని నువ్వు కాపాడావు, మరి ధర్మం నిన్నెందుకు కాపాడలేదని భర్తను నిలదీసింది. ఫలం కోసం ధర్మం చేస్తే అది వ్యాపారమని ధర్మరాజు బదులిచ్చాడు. నాకు ఆ జవాబు ఇష్టం. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. విధి మీద భారం వేసి కదలకుండా పడుకున్నవాడు నీళ్ళలో పెట్టిన పచ్చికుండలా కరిగిపోతాడంది. పుట్టింట్లో అన్నదమ్ములకి పాఠం చెబుతుంటే తండ్రి ఒడిలో కూర్చుని విన్న నీతి అదట. చిన్నపిల్లగా విన్న చదువు అడవిలో అక్కరకొచ్చింది.

పూర్వం చేసుకున్న పాపమని ఎవరైనా అంటే మాండవ్యుణ్ణి తలుచుకో. మౌనవ్రతంలో ఉన్న ఆ మహర్షిని దొంగల జతగాడనుకుని రాజభటులు కొరత వేశారు. ఇది ఏ పాపానికి ఫలమని ఆయన యముణ్ణే అడిగాడు. చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపరకతో గుచ్చావన్నాడు యముడు. అంత చిన్న తప్పుకి ఇంత శిక్షా అని మహర్షి యముణ్ణే శపించాడు. పద్నాలుగేళ్ళలోపు చేసింది పాపం కాదని హద్దు పెట్టాడు. ఆ శాపంతోనే యముడు విదురుడై పుట్టాడు. బాధపడ్డవాడు ఎందుకని అడగడం మన ఇతిహాసాల్లో తప్పు కాదు. పక్కన నిలబడి "నీ తలరాత" అని తేల్చేసేవాళ్ళదే తప్పు.

జాతకం సంగతి పెద్దవాళ్ళం మేము చూసుకుంటాం. మళ్ళీ పరీక్షకి ఫీజు కట్టు, ఏ పాఠంలో తప్పావో అక్కడి నుంచే మొదలుపెట్టు. సెలవులకి వచ్చేటప్పుడు లెక్కల పుస్తకం తెచ్చుకో, మధ్యాహ్నాలు కూర్చుని చేద్దాం.

ఆశీస్సులతో,
మీ తాత