వెనక బెంచీ బుజ్జిగాడి సంగతి

జూన్ 12న బళ్లు తెరుస్తారా, జూలై సగం తిరిగేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మావాడు రెండో క్లాసు. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. పుస్తకం ముందు పెడితే నోరు పెగలదు. టీచరేమో బద్ధకం అంటోంది. ఏ ట్యూషన్‌లో వెయ్యమంటావు?" గాజువాక నుంచి ఒకరు, మల్కాపురం నుంచి ఒకరు, కూర్మన్నపాలెం నుంచి ఇంకొకరు. మాట తీరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది గానీ అందరి గోలా ఇదే.

ట్యూషన్ మాట కాసేపు పక్కన పెట్టు చెల్లీ. పగలంతా బళ్లో ఎక్కనిది, సాయంత్రం ఇంకో రెండు గంటలు అదే పుస్తకం అదే తీరున వల్లె వేయిస్తే ఎక్కుతుందా? పైగా ఆడుకునే పొద్దు కూడా పోయిందని వాడికి చదువు మీదే కోపం వస్తుంది. కొందరైతే ఏడాదికో బడి మారుస్తారు. ఒకచోట "మీవాడు మా స్టాండర్డుకి సరిపోడు, టీసీ తీసుకెళ్లండి" అన్నారని ఓ చెల్లి ఏడ్చింది. ఆమె చేసిందేమిటంటే ఇంకో పెద్ద బడిలో ఇంకా పెద్ద ఫీజు కట్టడం. పిల్లాడికి ఎక్కడ అడ్డు పడుతోందో మాత్రం పాత బడీ చూడలేదు, కొత్త బడీ చూడలేదు.

ముందు కళ్లు, చెవులు. నవ్వకు, నిజంగానే చెప్తున్నాను. బోర్డు కనపడని పిల్ల "కనపడటం లేదు" అని చెప్పదు. దానికి లోకమంతా అలాగే ఉంటుందని లెక్క. పక్క పిల్ల నోట్సు చూసి రాస్తుంది, తిట్లు తింటుంది. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం మొదలైనప్పుడు మొట్టమొదట బడి పిల్లల కళ్లే చూశారు. ఊరికే కాదు మరి. మన విశాఖలో హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఓ పూట పనే. చెవిలో చీము కారుతున్నా, పిలిస్తే మూడోసారికి గానీ పలక్కపోయినా "పొగరు" అనేయకు, డాక్టరుకి చూపించు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటి నడుస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు వెతికి పట్టుకోవడమే దాని పని. బడికి ఆ డాక్టర్లు వచ్చిన రోజు మీవాణ్ణి జ్వరమనీ పెళ్లనీ మానిపించకు.

కళ్లూ చెవులూ బాగానే ఉన్నాయనుకో. ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చెయ్యి. వాడి క్లాసు పుస్తకం వద్దు, ఒకటో తరగతిది తియ్యి. అక్షరాలు చూపించు, తర్వాత చిన్న మాటలు, తర్వాత నాలుగు వాక్యాలు. ఎక్కడ ఆగాడో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకో. 'వల' అని ఉంటే 'మల' అంటున్నాడా? ద, థ, ధల దగ్గర తడబడుతున్నాడా? స్టీల్‌ప్లాంట్ గోడ మీది 'ఉక్కు'ని 'ఉకు' అని చదువుతున్నాడా? ఒత్తు మన లిపిలో అక్షరం కింద నక్కి కూర్చుంటుంది కదా, వాడి కన్ను అక్కడి దాకా దిగటం లేదన్నమాట. బోర్డు చూసి రాసేటప్పుడు గమనించు. ఒక్కో అక్షరానికి ఒక్కోసారి తలెత్తుతుంటే, వాడు మాటని మాటగా కాక బొమ్మలా గీస్తున్నాడని అర్థం. ఈ నాలుగు సంగతులూ కాగితం మీద రాసి తీసుకెళితే టీచరమ్మ మాట తీరే మారుతుంది. "మావాడికి చదువు రాదు" అంటే ఆవిడేం చేస్తుంది పాపం? "అక్షరాలొచ్చు, ఒత్తుల దగ్గర ఆగిపోతున్నాడు" అంటే రేపు పొద్దున్నే పని మొదలుపెట్టగలదు.

ప్రథమ్ సంస్థ పద్ధతి అచ్చం ఇదే. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని రోజూ కాసేపు వయసు లెక్కన కాకుండా, చదవగలిగిన మెట్టు లెక్కన కూర్చోబెట్టి చెప్తారు. అక్షరాల గుంపు ఒకటి, మాటల గుంపు ఒకటి, కథల గుంపు ఒకటి. టార్ల్ అనే పేరుతో మన రాష్ట్రం బళ్లలోకీ వచ్చింది. అయిదో క్లాసు వాడు అక్షరాల గుంపులో కూర్చుంటే నామోషీ కాదా అంటావేమో. నాలుగేళ్లుగా అర్థం కాని పాఠం ముందు బొమ్మలా కూర్చున్నాడే, దానికంటే నామోషీయా?

ఇంకో సంగతుంది, మన ఊరికి మరీ వర్తించేది. పోర్టు చుట్టూ, ప్లాంటు చుట్టూ ఉన్న వాడల్లో ఒరియా ఇంటి పిల్లలు, హిందీ ఇంటి పిల్లలు, శ్రీకాకుళం పల్లెల నుంచి పనికొచ్చిన వాళ్ల పిల్లలు ఉన్నారు. ఇంట్లో ఓ మాట, వీధిలో ఓ మాట, బళ్లో ఇంగ్లీషు. సర్కారు పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు అచ్చు వేస్తున్నారు. నాకు నచ్చిన ఏర్పాటే. కానీ రెండు పేజీలూ పరాయివే అయిన పిల్లకి? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగానే ఈ చిక్కు పట్టుకున్నారు. తాను సవర భాష నేర్చుకుని, సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు. ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చు వేసింది. మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకి సవర, కువి, కోయ లాంటి ఎనిమిది భాషల్లో చదువు మొదలుపెట్టింది 2004లో. అందుకని మీ ఇంటి భాష వేరైతే దాచుకోకు చెల్లీ. బళ్లో మొదటి రోజే చెప్పు. భాష కొత్తదవడం వేరు, చదువులో ఇబ్బంది ఉండటం వేరు. రెండూ కలిపేస్తే పిల్లకి మందు తప్పుతుంది.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. డిస్లెక్సియా. 2007లో 'తారే జమీన్ పర్' వచ్చాక ఈ మాట మన ఇళ్లలోకీ వచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్ని గుర్తించింది. చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఈ ప్రత్యేక ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం ఉందని పిల్లని కాదనకూడదని ఆ చట్టమే చెప్తోంది. "వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ తెస్తే ముద్ర పడిపోతుందక్కా, ఆడపిల్ల, రేపు సంబంధాలు రావొద్దూ" అంటారు. తల్లి గుండె, కాదనను. కానీ తెలుసుకో. చదువు ఇబ్బందికి ఆ సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, మళ్లీ 14కి, 18కి పరీక్షించాలి. అంటే ఒకటో క్లాసులో, రెండో క్లాసులో సర్టిఫికెట్ గొడవే లేదు. సాయం మాత్రం అప్పుడే కావాలి. కాగితం వచ్చేదాకా ఆగుదాం అనే టీచరు దొరికితే, మర్యాదగానే, ఆగొద్దని చెప్పు.

ఆ సాయం ఎక్కడుంది? మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, సమగ్ర శిక్ష వాళ్లవి. చాలామంది అమ్మలకి పేరే తెలీదు. అలాంటి ఓ గదిలో కాసేపు కూర్చున్నాను. గోడకి పెద్ద అద్దం. దాని ముందు ఓ పాప, టీచరు పెదాలు చూసి తన పెదాలు కలుపుతోంది, 'ప', 'ప' అని. ఇంకో మూల రెండు కమ్మీల మధ్య ఒక బాబు అడుగులేస్తున్నాడు. చాప మీద ఓ పిల్లాడు పూసలు గుచ్చుతున్నాడు. పెన్సిలు పట్టే వేళ్లకి బలం రావాలని వాడికి ఆ పని. గుమ్మం దగ్గర ఆయా ఒకరి చొక్కా గుండీలు పెట్టకుండా, వాడి చేతే పెట్టిస్తూ ఓపిగ్గా నిలబడింది. నాకన్నిటికంటే ఆ గుండీల పాఠమే నచ్చింది. ఫిజియోథెరపీ డాక్టరు వచ్చే రోజు వేరే ఉంటుంది, అడిగి తెలుసుకో. కదలలేని పిల్లలకి టీచర్లే ఇంటికెళ్లి చెప్తారు. వైకల్యం ఉన్న ఆడపిల్లలకి నెలకి 200 రూపాయల చొప్పున పది నెలలు ఇస్తారు. ఆ డబ్బు ఆటో కిరాయికి కూడా చాలదు, అది వేరే సంగతి. ఈ పిల్లల కోసం బళ్లకి వచ్చే రిసోర్సు టీచర్లు తక్కువ, తిరగాల్సిన బళ్లు ఎక్కువ. నెలలో ఒకటి రెండుసార్లు కనపడి వెళ్లిపోతే పిల్లాడి ఒత్తులు దారికి రావు. క్లాసు టీచరుకి ఆ మెళకువలు నేర్పితేనే రోజూ జరుగుతుంది. నా గట్టి అభిప్రాయం ఇది.

మనోవైకల్యం ఉన్న పిల్లలకి మన ఊళ్లో పాతకాలం నుంచీ లెబెన్‌షిల్ఫే సంస్థ ఉంది. ఉక్కునగరంలో అరుణోదయ ప్రత్యేక పాఠశాల ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలు ఆరేళ్ల నుంచి 18 దాకా దగ్గర్లోని మామూలు బళ్లోనైనా, ప్రత్యేక బళ్లోనైనా ఉచితంగా చదవొచ్చని చట్టం. ఏది అనేది మీ ఇష్టం. "మీ పాప అక్కడికే వెళ్లాలి" అని ఎవరైనా నెట్టేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

ఇక బళ్లో మీటింగు సంగతి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, 2025 జూలై 10న మళ్లీ పెట్టారు. ఫొటోలు దిగి, భోంచేసి వచ్చేయకు. టీచరు పక్కన కూర్చుని, నీ కాగితం తీసి, మావాడు ఏ మెట్టు మీద ఉన్నాడు, వచ్చే నెలకి ఎక్కడ ఉండాలి, రిసోర్సు టీచరు మన బడికి ఏ రోజు వస్తారు అని అడుగు. జవాబులు అదే కాగితం మీద రాసుకో.

మరో మాట. మన ప్లాంటు ఇళ్లలో పిల్లల చదువు అమ్మ డ్యూటీ అన్నట్టు ఉంటుంది, నాన్నకి ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని తిరగడంతోనే సరి. "మాకు తెలీదు, వాళ్లమ్మని అడగండి" అనే నాన్నని బళ్లో ఎన్నిసార్లు చూశానో. మీ ఆయన్ని మీటింగు ఉన్న వారం బీ షిఫ్టు వేయించుకోమను. డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి కదా, మీటింగు అంతకు ముందే అయిపోతుంది.