పిల్లల వంట తరగతులు: సంతకంతో తీరని బాధ్యత

వేసవి సెలవుల్లోనో వారాంతాల్లోనో చుట్టుపక్కల పిల్లలను ఇంటికి పిలిచి, పులిహోర కలపడం, చపాతీ ఒత్తడం, కేకు చేయడం నేర్పి రుసుము తీసుకోవడం పెద్ద పెట్టుబడి అవసరం లేని స్వయం ఉపాధి. ఏ వృత్తినైనా, వ్యాపారాన్నైనా చేసుకునే హక్కును రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం పౌరులందరికీ ఇస్తున్నది గనుక, అందుకు వేదిక సొంత వంటగది అయినంత మాత్రాన ఆ హక్కు తగ్గిపోదు. అయితే రుసుము పుచ్చుకున్న నాటి నుంచి నేర్పే వ్యక్తి చట్టం దృష్టిలో సేవాప్రదాత, అంటే ప్రతిఫలం తీసుకొని సేవ అందించేవారు, అవుతారు. ఆ సేవను అందుకునేది పద్దెనిమిదేళ్లు నిండని మైనరు కావడం వల్ల వారి బాధ్యత మామూలు వ్యాపారి బాధ్యత కంటే బరువుగా ఉంటుంది. చేరిక పత్రం కింద తల్లిదండ్రుల సంతకం తీసుకుంటే ఆ బరువు దిగిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఆ నమ్మకం తప్పు మాత్రమే కాదు, దానిమీద ఆధారపడి జాగ్రత్తలను సడలించిన ఇంట్లో పిల్లలకు ముప్పు కూడా.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 11వ సెక్షను ప్రకారం ఒప్పందం చేసుకోగల అర్హత మేజరుకే ఉంది. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని 1903లో మొహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్ కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చి చెప్పింది. కాబట్టి తరగతిలో కూర్చునేది బిడ్డే అయినా, రుసుము, వేళలు, మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారు వంటి షరతులన్నీ తల్లితోనో తండ్రితోనో చట్టబద్ధ సంరక్షకుడితోనో రాసుకోవలసినవే. పదహారేళ్ల విద్యార్థి స్వయంగా సంతకం చేసి చేరినా ఆ కాగితం ఆధారంగా అతని నుంచి బకాయి వసూలు చేయడం సాధ్యం కాదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. తల్లిదండ్రుల చేత సంతకం చేయించుకునే పత్రాల్లో తరచుగా "తరగతిలో జరిగే ఏ ప్రమాదానికీ నిర్వాహకులు బాధ్యులు కారు" అన్న వాక్యం ఉంటుంది. బిడ్డ చేయి కాలితే పరిహారం కోరే హక్కు బిడ్డది, తల్లిదండ్రులది కాదు; తనది కాని హక్కును మరొకరు సంతకం పెట్టి వదులుకోలేరు. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956లోని 8వ సెక్షను సహజ సంరక్షకుడికి మైనరు మేలు కోసం అవసరమైన, సమంజసమైన పనులు చేసే అధికారం ఇస్తూనే, తన వ్యక్తిగత వాగ్దానంతో మైనరును కట్టివేసే అధికారం ఎట్టి పరిస్థితుల్లోనూ లేదని స్పష్టంగా చెబుతున్నది. రాబోయే గాయానికి పరిహారాన్ని ముందే వదులుకోవడంలో బిడ్డకు కలిగే మేలు ఏమీ లేదు. పైగా 1963 కాలపరిమితి చట్టంలోని 6వ సెక్షను ప్రకారం మైనరు దావా వేయడానికి గడువు మేజరైన తర్వాతనే లెక్కకు వస్తుంది. ఈలోగా పెద్దలు ఎవరైనా బిడ్డ తరఫున దావా వేయవచ్చు కూడా. ఎనిమిదేళ్ల పాపకు జరిగిన గాయం మీద ఆమె పెద్దయ్యాక కూడా న్యాయస్థానానికి వెళ్లే అవకాశం ఉన్నప్పుడు, ఆనాటి హాజరు పట్టిక, ప్రమాద వివరం, ఇచ్చిన చికిత్స రాసిపెట్టిన పుస్తకాన్ని చాలా ఏళ్లు భద్రపరచడం నిర్వాహకుల ప్రయోజనానికే.

అలాగని ఆ పత్రం నిరర్థకం కాదు. బాధ్యతను తొలగించలేకపోయినా అది సమాచారాన్ని చేరవేయగలదు, ఆ సమాచారమే ప్రమాదాన్ని నివారిస్తుంది. వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, పాలు, గుడ్డు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు అలర్జీ కలిగించే ఆహారాలుగా పేరుపొందినవి. వీటిలో బిడ్డకు ఏది పడదో, ఉబ్బసం, మూర్ఛ వంటివి ఉన్నాయో లేదో, అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలో తల్లిదండ్రుల చేత రాయించుకోవాలి. వేరుశనగ పడదని తెలిపిన తర్వాత ఆ బిడ్డ చేతికి పల్లీ చట్నీ ఇస్తే అది నిర్లక్ష్యానికి స్పష్టమైన ఉదాహరణ అవుతుంది. అసలు అడగనే అడగకపోవడం కూడా నిర్లక్ష్యమే కావచ్చు.

నిర్లక్ష్యం అంటే చట్టం దృష్టిలో, ఆ పరిస్థితిలో వివేకం గల మనిషి తీసుకొనే జాగ్రత్తను తీసుకోకపోవడం. పెద్దలకు నేర్పేటప్పుడు సరిపోయే జాగ్రత్త పిల్లల విషయంలో సరిపోదు, ఎందుకంటే వేడి మూకుడును ముట్టుకోవద్దని చెప్పినా బిడ్డ ముట్టుకోవచ్చునన్నది ముందే ఊహించదగిన సంగతి. అందువల్ల ఒక పెద్ద మనిషి ఎంతమంది పిల్లలను కనిపెట్టుకోగలరు, జంతికలో బూరెలో వేయించే పని పెద్దలే చేశారా, కత్తిపీట బదులు వయసుకు తగిన చాకులు ఇచ్చారా, స్టవ్ దగ్గరకు ఒక్కసారి ఒక్కరినే రానిచ్చారా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే బాధ్యత నిర్ణయమవుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షను ఇతరుల ప్రాణానికో భద్రతకో హాని కలిగించే నిర్లక్ష్యపు చర్యను నేరంగా పరిగణిస్తుంది, తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలు ఉంది. ఇంటి బీమా పాలసీలు సాధారణంగా నివాసానికే వర్తిస్తాయి గనుక, వ్యాపార కార్యకలాపంలో ఇతరులకు జరిగే హానికి వర్తించే బాధ్యతా బీమాను విడిగా తీసుకోవడం వృథా ఖర్చు కాదు.

రుసుము విషయంలో తల్లిదండ్రులకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అండగా ఉంటుంది. వినియోగదారు మైనరైతే తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఫిర్యాదు చేయవచ్చునని ఆ చట్టమే చెబుతున్నది. బిల్లో రసీదో ఇవ్వకపోవడం, లోపభూయిష్టమైన సేవకు తీసుకున్న సొమ్మును రసీదులో పేర్కొన్న గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార విధానం కిందికి వస్తాయి. పన్నెండు తరగతులు చెబుతామని ఏడింటితో ఆపివేసినా, గుడ్డు లేని కేకు నేర్పుతామని ప్రకటించి గుడ్డు వాడినా, లేని ప్రభుత్వ గుర్తింపును ప్రకటనలో చూపినా, "కట్టిన రుసుము తిరిగి ఇవ్వబడదు" అన్న వాక్యం నిర్వాహకులను కాపాడదు. దీనికి మరో వైపు కూడా ఉంది: నిర్వాహకుల వైపు ఏ లోపమూ లేకుండా బిడ్డకు ఆసక్తి పోయినందువల్ల మానిపించిన తల్లిదండ్రులకు మొత్తం రుసుము తిరిగి కోరే హక్కు దానంతటదే రాదు, అప్పుడు ముందుగా రాసుకున్న షరతే ప్రమాణం. ఫిర్యాదును రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము ఉండదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించవచ్చు.

తరగతిలో వండినదాన్ని పిల్లలే తినడం, ఇంటికి పట్టుకెళ్లడం వరకైతే ఒక తీరు. అదే వంటగది నుంచి కేకులకో పిండివంటలకో ఆర్డర్లు తీసుకుంటే అది నిస్సందేహంగా ఆహార వ్యాపారం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో ఆహార వ్యాపారానికి ఇచ్చిన నిర్వచనం లాభాపేక్ష ఉన్నా లేకున్నా వర్తించేంత విశాలమైనది గనుక, సరుకుల ఖర్చును రుసుములోనే కలిపి తీసుకునేవారు కూడా నమోదు చేయించుకోవడమే మంచిది. చిన్న వ్యాపారులకు పూర్తి లైసెన్సు అక్కరలేదు, ఆహార వ్యాపారాల నమోదుకు ఉద్దేశించిన ఫోస్కోస్ వెబ్‌సైటులో చేసుకునే నమోదు చాలు. కల్తీ లేదా అపాయకరమైన ఆహారం వల్ల హాని జరిగితే 65వ సెక్షను కింద మరణానికి 5 లక్షల రూపాయలకు తగ్గకుండా, తీవ్ర గాయానికి 3 లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం చెల్లించవలసి వస్తుంది.

గ్యాసు, కరెంటు విషయాల్లో చాలా ఇళ్లు తెలియకుండానే చట్టాన్ని దాటుతాయి. ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండరు గృహ వినియోగానికి ఉద్దేశించినది. దాన్ని వ్యాపారానికి వాడటాన్ని నిత్యావసర వస్తువుల చట్టం కింద 2000లో వెలువడిన ఎల్పీజీ నియంత్రణ ఉత్తర్వు అనుమతించదు. తరగతులకు 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవడమో, ఇండక్షన్ స్టవ్ వాడటమో చట్టరీత్యా సరైన దారి, ఇండక్షన్‌లో మంట లేకపోవడం పిల్లల భద్రతకూ మేలు. గ్యాసు వాసన వస్తే ఫోన్ చేయవలసిన 1906 నంబరు గోడమీద కనిపించేలా ఉండాలి. గృహ విద్యుత్ కనెక్షన్‌ను అనుమతించిన ప్రయోజనానికి కాక మరొకదానికి వాడితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షను కింద అది అనధికార వినియోగమవుతుంది, వర్తించే టారిఫ్‌కు రెండింతల చొప్పున లెక్క కడతారు. అయితే తనిఖీకి వచ్చిన అధికారి వేసిన లెక్క తాత్కాలికమేనని, దానిపై అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇచ్చిన తర్వాతనే తుది ఉత్తర్వు ఇవ్వాలని, తుది ఉత్తర్వుపై లెక్కగట్టిన మొత్తంలో సగం కట్టి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చునని ఇంటివారు తెలుసుకోవాలి. వారానికి ఒకటి రెండు పూటలు జరిగే తరగతి ఏ కేటగిరీలోకి వస్తుందో విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) కార్యాలయాన్ని ముందుగానే లిఖితపూర్వకంగా అడగడం ఉత్తమం.

అద్దె ఇల్లయితే 1882 ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను, ఇచ్చిన ప్రయోజనానికి కాక ఇంటిని మరొకదానికి వాడకూడదని అద్దెదారును కట్టడి చేస్తుంది. యజమాని రాతపూర్వక అనుమతి, అపార్టుమెంటులో సంఘం నిబంధనల పరిశీలన తప్పవు. స్థానిక సంస్థ ట్రేడ్ లైసెన్సు అవసరమా అన్నది కూడా అప్పుడే విచారించుకోవాలి. చిన్న వ్యాపారాలకు ఉద్దేశించిన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. సేవలపై ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం రాదు. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ విడుదల చేసిన కోచింగ్ కేంద్రాల మార్గదర్శకాలు 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు ఉద్దేశించినవి, సృజనాత్మక కార్యకలాపాలను మినహాయించినవి కనుక వాటి గురించి భయపడనక్కరలేదు.

పిల్లల గౌరవానికి సంబంధించిన చట్టాలను మాత్రం ఇంత త్వరగా దాటిపోకూడదు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల చేత ఆర్డర్లకు లడ్డూలు చుట్టించడం శిక్షణ కాదు, పని. 2016లో సవరించిన బాలకార్మిక నిషేధ చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లల చేత ఏ పని చేయించడాన్నైనా నిషేధిస్తుంది, సొంత కుటుంబానికి ఇచ్చిన మినహాయింపు ఇతరుల పిల్లలకు వర్తించదు. తరగతి ఫొటోలను సామాజిక మాధ్యమాల్లో ప్రకటనగా పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతిని విడిగా తీసుకోవాలి. మైనర్ల డిజిటల్ సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 9వ సెక్షను నిర్దేశిస్తున్నది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఇంట్లో సహాయకులు, బంధువులు, డ్రైవర్లు తిరుగుతుంటారు కనుక, పిల్లలు ఎవరితోనూ ఒంటరిగా ఉండే పరిస్థితి రాకుండా చూడటం నిర్వాహకుల కర్తవ్యం. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని అనుమానం కలిగినా పోలీసులకు తెలపడాన్ని పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టంలోని 19వ సెక్షను ప్రతి వ్యక్తికీ తప్పనిసరి చేసింది, పరువు పేరుతో దాచడం నేరం. బిడ్డకు తక్షణ సహాయం కోసం 1098కి ఫోన్ చేయవచ్చు.

నేర్పే గృహిణికి కూడా చట్టం ఆసరా ఉంది. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే అర్హతను కల్పిస్తున్నది. రుసుము ఎగవేసిన తల్లిదండ్రుల మీద చర్యకైనా, తన మీద వచ్చిన ఫిర్యాదుకు జవాబు ఇవ్వడానికైనా ఆమె జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు, 15100 నంబరులో సలహా అడగవచ్చు. కోర్టులో దావా వేయకముందే వివాదాన్ని లోక్ అదాలత్‌కు పంపమని అక్కడే దరఖాస్తు చేయవచ్చు. ఇరుపక్షాలూ రాజీకి అంగీకరించిన మీదట లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.